ఉయ్యాలలో మొదట పడుకున్న రాయి

నేను ఒక పొత్రాన్ని. సన్నికల్లు మీద పచ్చళ్ళు నూరే నల్లరాయిని. మండపేటలో ఒక పెంకుటింట్లో మందాకిని తన జ్ఞాపకమంతా పోగొట్టుకున్న మధ్యాహ్నమే నా కొసన చిన్న పెచ్చు ఊడింది. ఆమెకు ఏం పోయిందో ఆస్పత్రిలో రాసుకున్నారు. నాకు పోయినదాన్ని ఎవరూ చూడలేదు.

నేను కొండరాయిని. ఒక ముసలి శిల్పి నన్ను చెక్కి, సన్నికల్లుతో జతచేసి తీర్థం జాతరలో పెట్టి అమ్మాడు. మందాకిని తల్లి కొంది. ఆ ఇంట్లో బారసాల చేస్తే ముందు నాకు పసుపు రాసి, పొత్తిగుడ్డ చుట్టి, ఉయ్యాలలో పడుకోబెట్టేవారు. బిడ్డ రాయిలా గట్టిగా ఉండాలని వారి కోరిక. పెద్దపిల్ల ఇందుమతికి అలాగే చేశారు. ఆరేళ్ళ తర్వాత మందాకినికీ చేశారు. రాయిని బిడ్డలా జోకొట్టే మనుషులు, బిడ్డల దగ్గరికి వచ్చేసరికి ఎంత కఠినంగా ఉండగలరో నాకు అప్పటికి తెలియదు.

తల్లిదండ్రులు పోయాక మందాకిని అక్కాబావల దగ్గర ఉండేది. బావ పేరు గోపీనాథం. నెమ్మదస్తుడని వీధిలో పేరు.

ఆ రోజు పొద్దున అక్కచెల్లెళ్ళ పిన్ని భ్రమరాంబ వచ్చి, కబుర్లు చెబుతూ నాతో కొబ్బరి పచ్చడి నూరి వెళ్ళింది. గోపీనాథం కాకినాడలో పని ఉందని చెప్పి బయలుదేరాడు. మందాకిని పెరట్లో వడియాలు పెడుతోంది. మధ్యాహ్నం అతను తిరిగి వచ్చాడు. వంటింట్లో ఇందుమతి గొంతు తగ్గించి అంది.

"చెల్లిని రేపే పిన్ని ఇంటికి పంపించేస్తున్నాను. మీ చూపు నాకు తెలుస్తూనే ఉంది."

అతను సన్నికల్లు వైపు చెయ్యి చాచాడు. చేతికి అందినదాన్ని నేనే. ఇందుమతి మళ్ళీ లేవలేదు. చప్పుడు విని మందాకిని పిండిచేతులతో లోపలికి వచ్చింది. ఆమె తలకూ నేనే తగిలాను. ఆ తర్వాత అతని చేతిలోంచి జారి గడప మీద పడ్డాను.

అతను నన్ను కడిగి, పసుపు రాసి, సన్నికల్లు మీద పెట్టాడు. బీరువాలో బట్టలు కింద పోసి, పెరటి తలుపు బార్లా తీసి వెళ్ళిపోయాడు. సాయంత్రం వచ్చి వీధంతా వినిపించేలా ఏడ్చాడు. దొంగ ఇనుపచువ్వతో కొట్టి ఉంటాడని పోలీసులు అనుకున్నారు. శుభ్రంగా పసుపు పూసుకుని ఉన్న నన్ను ఎవరు అనుమానిస్తారు?

మందాకిని బతికింది. కానీ తన పేరు కూడా ఎవరో చెబితే నేర్చుకుంది. గోపీనాథం రోజూ పక్కన కూర్చుని ఆమెకు ఆమె గతాన్ని చెప్పేవాడు. "నీకు చిన్నప్పటినుంచీ నేనంటే ప్రాణం" అనేవాడు. ఆమె పాఠం వింటున్నట్టు తలూపేది.

చేతులు మాత్రం దేన్నీ మరచిపోలేదు. నన్ను పట్టుకుంటే పచ్చడి తనంతట తానే నలిగేది. బొటనవేలు పెచ్చు ఊడినచోటికి వస్తే మాత్రం ఆగిపోయేది. ఆమె కాసేపు నన్నే చూసి, మళ్ళీ నూరేది. గోపీనాథం మిక్సీ కొని తెచ్చాడు. అప్పటినుంచి నాకు పని లేదు.

ఇందుమతి సంవత్సరీకం అయింది. భార్య పోయిన బావ, పెళ్ళికాని మరదలు ఒకే ఇంట్లో ఉంటే ఊరు ఊరుకోదని పెద్దలన్నారు. వాళ్ళిద్దరికీ ముడి వేసేస్తే సరిపోతుందన్నారు. మనుషులు మాట పడకుండా ఉండటానికి ఏ మంచిపనైనా చేస్తారు. భ్రమరాంబ కూడా ఒప్పుకుంది.

పెళ్ళి ఇంట్లోనే. పెళ్ళికొడుకు వధువు పాదం పట్టి సన్నికల్లు తొక్కించాలి. పొద్దున్నే భ్రమరాంబ అటక మీద మమ్మల్ని వెతుకుతుంటే గోపీనాథం వచ్చాడు.

"ఆ పాతరాళ్ళెందుకు అత్తయ్యగారూ?"

"ఏం, మిక్సీ తొక్కిస్తావా నాయనా? షాక్ కొడుతుంది!"

అందరూ నవ్వారు. మందాకిని కూడా నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినపడి ఏడాది దాటింది.

పసుపు రాస్తూ భ్రమరాంబ చెయ్యి నా కొస దగ్గర ఆగింది. "అయ్యో, పెచ్చు ఊడిందే."

"భిన్నమైన రాయి పనికిరాదమ్మా, ఇంకోటి తెప్పించండి" అన్నారు పంతులుగారు.

ముహూర్తం దాటిపోతుందని గోపీనాథానికి కంగారు పుట్టింది. "ఏం ఫరవాలేదండీ. ఆ రోజు గడపకి తగిలింది, అంతే. చిన్న పెచ్చేగా."

"ఏ రోజు?" అంది భ్రమరాంబ.

అతను ఉత్తరీయం సర్దుకున్నాడు.

"ఆ పొద్దున నేను కొబ్బరి నూరినప్పుడు ఇది నిక్షేపంలా ఉంది. నువ్వేమో కాకినాడలో ఉన్నానన్నావు. గడపకి తగలడం నువ్వెక్కడ చూశావయ్యా?"

సన్నాయి ఆగిపోయింది. అతను మందాకిని పాదం కోసం చాచిన చెయ్యి అలాగే ఉంది. ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

"నా వేలు రోజూ అక్కడే ఆగేది పిన్నీ" అంది. "ఎందుకో నాకు తెలియదు."

ఇప్పుడు నేను పోలీసు స్టేషన్ గదిలో, నడుముకు చీటీతో, తుప్పు పట్టిన కత్తుల మధ్య ఉన్నాను. గోపీనాథం జైల్లో ఉన్నాడు. విచారణ సాగుతోంది. సన్నికల్లు భ్రమరాంబ ఇంట్లో ఉందట. మందాకిని కూడా అక్కడే ఉంటోంది.

ఒకసారి నన్ను కోర్టుకు తీసుకెళ్ళారు. మందాకిని నన్ను చేతిలోకి తీసుకుని, పెచ్చు తడిమి, "ఇది మా ఇంటిదేనండీ" అంది.

"మీ అక్కగారు మీకు గుర్తున్నారా?" అని వకీలు అడిగాడు.

"లేదండీ. నాకు అక్క ఉండేదని చెప్పారు."

ఆమె మెల్లగా, పసిబిడ్డను దించినట్టు, నన్ను బల్ల మీద పడుకోబెట్టింది. ఆమె కళ్ళు పొడిగానే ఉన్నాయి.

మందాకిని తన అక్క కోసం ఇంకా ఏడవలేదు.