కాదన్నదెవరు?

స్ఫాక్స్ నగరంలో దలెందా అనే ఆవిడ బేకరీ కాలిపోతే బీమా కంపెనీ పరిహారం ఇవ్వనంది. ఆమె నేరుగా డైరెక్టర్ల సమావేశంలోకి దూసుకెళ్లింది.

"కాదన్నదెవరయ్యా?"

"మేం కాదమ్మా, ఏఐ," అన్నాడు ఛైర్మన్ మోంజీ.

"దాన్ని తెచ్చిపెట్టిందెవరు?"

"ఇదిగో, రీమ్ వాళ్ల కంప్యూటర్ విభాగం."

"ఒప్పందం మీద సంతకం పెట్టింది మీరేగా!" అంది రీమ్.

"పెట్టాను గానీ, చదవలేదు."

దలెందా కాలి చెప్పు తీసింది. "మరి దీంతో ఎవర్ని కొట్టను?"

అందరి వేళ్లూ మోంజీ వైపు తిరిగాయి. అతను కంగారుగా ఆమె ఫైలు తెప్పించి, స్వయంగా చదివి, పరిహారం మంజూరు చేశాడు. ఇకపై ఏఐ కాదంటూ పంపే ప్రతి ఉత్తరం కిందా బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు ఉండాలన్నాడు.

పేరు రాయడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఆ వారం వచ్చిన దరఖాస్తులన్నీ మంజూరైపోయాయి.