ఆదిశేషు తిన్నానన్న పళ్ళు

నాకు కోపమెక్కువని సెక్టర్ 2లో అందరికీ తెలుసు. కానీ ఇది కోపం కాదు. నా కోపం సాయంత్రం టీ వేళకి దిగిపోతుంది. ఇది వారమైనా దిగలేదు.

ఆదిశేషూ నేనూ ఒకే బ్యాచిలో ఈ హిందీ ఊళ్ళో స్టీలు ప్లాంటులో చేరాం. వాడిది శ్రీకాకుళం వైపు, మాది విజయనగరం వైపు. గ్యాస్ లైన్ల మరమ్మతులో ముప్ఫై ఏళ్ళు కలిసి పనిచేసి ఏడాది తేడాలో రిటైరయ్యాం. రోజూ పొద్దున్నే ఇద్దరం నడకకి వెళ్తాం. దారిలో దొరికిన పొన్నగంటాకో గలిజేరో తెంపుకొస్తాం. మా ఆవిడ భాగ్యరేఖ దీన్ని మేతకెళ్ళడం అంటుంది.

పోయిన వారం సోమవారం నాడు నాకు బీపీ చూపించుకునే పని ఉండి నడకకి వెళ్ళలేదు. మంగళవారం వాడు నన్ను తిన్నగా రైల్వే సైడింగు పక్కకి, ప్లాంటు కొలిమి వ్యర్థం, పాత స్లాగు, పోసిన చోటికి తీసుకెళ్ళాడు. అక్కడ మోకాలెత్తు మొక్క ఒకటి ఉంది. గుత్తులు గుత్తులుగా నల్లటి చిన్న పళ్ళు. చూడగానే కామంచి అనిపించింది. ఇక్కడి హిందీవాళ్ళు మకోయ్ అంటారు. చిన్నప్పుడు మా గట్ల మీద జేబులు నల్లబడేదాకా కోసుకు తిన్నవాళ్ళమే. కానీ మా కామంచి పువ్వు తెల్లగా ఉంటుంది, దీనికి వంగపువ్వు ఛాయ ఉంది. ఆకు అంచు కూడా తేడాగానే ఉంది. కామంచీ వంకాయా ఉమ్మెత్తా ఒకే కుటుంబం. ఆ కుటుంబంలో కూరకొచ్చేవీ ఉన్నాయి, ప్రాణం తీసేవీ ఉన్నాయి. అందుకే చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

“పువ్వు రంగు తేడాగా ఉందిరా శేషూ. కామంచేనంటావేటి?” అన్నాను.

“అరే యార్, బిల్కుల్ అదే. నేల తేడా, నీళ్ళు తేడా, రంగు మారదేటి? నిన్న నాను గుప్పెడు తినీసేను. సుబ్బరంగా ఉన్నాను కదా, తిను.”

తిన్నాను. పది పన్నెండు పళ్ళు. తియ్యగా ఉన్నాయి, చివర్లో కాస్త చేదు తగిలింది. వాడు మాత్రం తినలేదు. నిన్నటివే అరగలేదంటూ మిగిలినవి కోసి జేబురుమాల్లో మూట కట్టుకున్నాడు. నాకేమీ అనిపించలేదు. ఆదిశేషు తిన్నానంటే తిన్నట్టే.

ఆ మధ్యాహ్నం రెండుసార్లు ఫోన్ చేశాడు. కడుపెలా ఉందన్నాడు. సాయంత్రం ఇంటికే వచ్చి, కళ్ళు మసకబారడం గాని నోరెండిపోవడం గాని ఉందా అని అడిగాడు. నా బీపీ గురించనుకున్నాను. వాడు వెళ్ళాక, సొంత తమ్ముడైనా ఇంతగా కనుక్కోడని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను. ఆ మాట గుర్తొస్తే నా చెప్పుతో నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్న వాళ్ళ క్వార్టరుకి వెళ్ళేసరికి వాడు బాత్రూములో ఉన్నాడు. వరండాలో వాడి భార్య వరలక్ష్మమ్మ కూర్చుని ఉంది. మూడు నెలలుగా ఆమె క్యాన్సరు మందులు వాడుతోంది. వాటి దెబ్బకి నోరంతా పూసి, మంచినీళ్ళు మింగినా మంటే. పాపం, మనిషి సగమైపోయింది. ఎదురుగా స్టూలు మీద స్టీలు గిన్నెలో ఆ పళ్ళున్నాయి.

“రండన్నయ్యా. మీకేటీ అవ్వలేదు కదా? రాత్రంతా ఈయనకి మీ ఆలోచనే,” అంది. “నోటిపూతకి మకోయ్ మంచిదని ఎవరో సెప్పేరంట. సోమవారం కోసుకొచ్చేరు. పై క్వార్టరు చాందిని ఫోటో తీసి ఫోన్లో సూస్తే రెండు పేర్లొచ్చేయి. ఒకటి తినొచ్చంట, రెండోది విషమంట. ఈయనకి బయమేసి నాకు పెట్టలేదు. నిన్న మీరు తిన్నారు కదా, ఓ రోజు సూసి పెడతానన్నారు.”

ఆమె మామూలుగానే చెప్పింది. నేను తెలిసే తిన్నాననుకుంటోంది. ఆదిశేషు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

“సోమవారం నువ్వు తిన్నావేట్రా?”

వాడు భార్య వైపు చూశాడు. “లేదురా.”

“మరి తిన్నానని ఎందుకు సెప్పేవు?”

“నాకేటైనా అయితే దీన్నెవడు సూస్తాడ్రా? మాకు పిల్లా జెల్లా లేరు. నీకైతే ఇద్దరు కొడుకులు...”

అక్కడితో ఆగాడు. నేను పోయినా భాగ్యరేఖకి దిక్కుందని ముందే ఆలోచించుకుని నా చేత తినిపించాడన్నమాట. ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు నా గురించి ఆలోచించింది అదీ.

“గ్యాస్ లైన్లోకి ఒకడు దిగితే ఒకడు బయట గ్యాస్ ఎంతుందో సూసే మీటరు పట్టుకునీవోడు,” అన్నాను. “అంకె సెప్పకుండా ఎవుణ్ణీ దింపలేదు మనం. ఒక్కపాలైనా నీకు తప్పుడంకె సెప్పేనేట్రా? సెల్లెమ్మ కోసం తినరా, విషమో కాదో నాకూ తెలీదు అనుంటే, తెలిసే తినీవోణ్ణి. అడగలేదు నువ్వు!”

వరలక్ష్మమ్మ మొహం పాలిపోయింది. “ఇలాగని నాకు తెలీదన్నయ్యా. నాకీ పళ్ళొద్దు,” అంటూ గిన్నె అవతలికి తోసేసింది. అంతసేపు మాట్లాడేసరికి మంటకి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు ఆదిశేషు నా వైపు తిరిగాడు. క్షమించమంటాడనుకున్నాను.

“ఒరే, నిజం సెప్పు. నీకేటీ అవ్వలేదు కదా? కడుపులో గాని, తల తిరగడం గాని?”

రాత్రంతా కడుపులో తిప్పిందని ఒక్క అబద్ధమాడితే చాలు, ఆ గిన్నె మోరీలోకి పోతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. వరలక్ష్మమ్మ నా నోటి వైపే చూస్తోంది. వద్దన్న మనిషే, ఆశ చావక చూస్తోంది.

“ఏటీ అవ్వలేదమ్మా,” అన్నాను, ఆమెతోనే. “అయినా మందులిచ్చిన డాక్టరుకి ఓసారి సూపించి తిను. నా ఒళ్ళు వేరు, నీ ఒళ్ళు వేరు.”

వాడు నా రెండో మాట విననే లేదు. అప్పటికే ఒక పండు తీసి ఆమె నాలుక మీద పెట్టాడు. ఆమె మెల్లగా నోరు మూసింది. వాడు నేల మీద గొంతుక్కూర్చుని, ఆమె మొహంలోకి చూస్తూ, “సల్లగుందేటి? సల్లగుందేటి?” అని అడుగుతున్నాడు. నేను చెప్పులేసుకుని మెట్లు దిగి గేటు దాటేదాకా వాడు ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు.