గుర్తురాయి

మా కొండవాలులో ఒక నీలిపువ్వు పూసేది. క్వారీ వచ్చి వాలు సగం తిన్నాక పువ్వు కనబడలేదు. అంతకుముందే ఒక ఎండుకాయ తెచ్చి, పెరట్లో గింజలు నాటాను. ఒక్కటే మొలిచింది.

దాని తీరు వేరు. ఎండలు ముదిరేసరికి పైనంతా ఎండి మాయమవుతుంది. లోపల వేరు బతికే ఉంటుంది. తొలివానకు మళ్లీ లేస్తుంది. నాలుగేళ్లూ ఆకులే వేసింది. ఈ ఏడు పూస్తే, గింజ తీసి మిగిలిన వాలు మీద చల్లాలని నా ఆశ.

చోటు తప్పిపోకుండా కోడిగుడ్డంత తెల్లరాయి పెట్టుకున్నాను. మొక్క ఎండి నిద్రలో ఉన్నప్పుడు తప్ప దాన్ని కదపకూడదని, వేరు తెగితే బతకదని బామ్మర్దికి నేనే చెప్పాను. వాడు ఒక ఆఫీసు తోటలో పనిచేస్తాడు. ఇంకా పర్మనెంటు కాలేదు.

వేసవంతా ఆదివారాలు మా ఇంట్లోనే వాడి భోజనం.

"ఏం బావా, మహారాణి ఇంకా లేవలేదా?"

"వానకి లేస్తుందిలే."

"మా అక్క కోసం ఎప్పుడైనా ఇలా ఎదురుచూశావా?"

"నోరు మూసుకుని తినరా," అంది మా ఆవిడ.

వాన పడింది. వారం చూశాను. చుట్టూ గడ్డి లేచింది, రాయి పక్కన ఏమీ లేదు. తవ్వాను. మోచేతి లోతు దాకా మట్టి గుల్లగా ఉంది, వేరు లేదు. రాయి మాత్రం నేను పెట్టినట్టే ఉంది. ఇన్నాళ్లూ నేను కాపలా కాసింది దానికి.

వేరు సంగతి నేను చెప్పింది బామ్మర్దికే. రాయి జేబులో వేసుకుని వాడి ఆఫీసుకు వెళ్లాను. మెట్ల పక్కన కుండీలో నా మొక్క నాలుగాకులు వేలాడేసి ఉంది. కుండీ జానెడు లోతు.

"వేరేం చేశావురా?"

వాడు తల దించుకున్నాడు. "పట్టలేదు బావా. కోశాను. ఎవరి దగ్గరా లేని మొక్క కావాలన్నాడు పెద్దసారు. నా పర్మనెంటు కాగితం ఆయన దగ్గరే ఉంది."

"నన్ను అడగొచ్చుగా."

"నువ్వు ఇవ్వవంది అక్క. నువ్వు ఊళ్లో లేని రోజు గునపం తనే తీసిచ్చింది. నీకు తర్వాత చెప్తానందే... చెప్పలేదా?"

ఇంటికొచ్చాను. మా ఆవిడ కంచం పెట్టింది. రాయి తీసి కంచం పక్కన పెట్టాను.

ఆమె ఏమిటని అడగలేదు. దాన్ని కాస్త పక్కకు జరిపి, ఆ చోట నీళ్ల గ్లాసు పెట్టింది.

"వాడి కాగితం మీద సంతకం అయిందటా?" అంది.