కాళ్ళ కింద పేరు

ఆ ఆర్డరు ఖాయమైన రోజు మౌలా సాహెబ్ మా అందరికీ టీతో పాటు సమోసాలు కూడా తెప్పించాడు. మార్కాపురంలో ఆయన పలకల యూనిట్లో రాయి చీలుస్తూనే నా జుట్టు నెరిసింది గానీ, అక్కడ సమోసా చూడటం అదే మొదలు.

"సాయిబూ, దీంట్లో భేదిమందు ఏమన్నా కలిపినావా?" అని అడిగాను.

"నీ మాదిరి బుద్ధులు అందరికీ ఉంటాయారా గిద్యోనూ? తిను. సిటీలో ప్రపంచ దేశాల ఆటలు పెడుతుండారు. కొత్త స్టేడియం వాకిటికి మన రాయే పోతుంది."

బడిపిల్లల చేతుల్లోంచి పలక పోయిన దగ్గర్నుంచి మా యూనిట్ కుంటుతూనే ఉంది. వారంలో సగం రోజులు రంపం ఆగే ఉండేది. ఈ ఆర్డరు తెచ్చింది మౌలా సాహెబ్ కొడుకు షబ్బీర్. ఫోన్లోనే ఎవరెవరితోనో మాట్లాడి సాధించాడు. ఆ సంతోషంలో వాడి నోరు ఆగటం లేదు.

"ఆటలొస్తే సిటీకి ఎంత లాభమో తెలుసా మామా? మెట్రో, రోడ్లు, హోటళ్ళు. ఫారినోళ్ళొచ్చి ఖర్చు పెట్టిపోతారు. ఏడనో జరిగే ఆటలకి ఈడ మనకి పని దొరికింది, సూడు."

"దొరికింది అల్లుడూ. పరిగెత్తేది వాళ్ళు, పతకాలు వాళ్ళకి, దుమ్ము మన ముక్కుల్లోకి. అందరికీ సమానంగానే పంచినారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయి మా అక్క వైపు చూశాను. దీనమ్మ అక్క కూడా అక్కడే పనిచేస్తుంది. నేను చీల్చిన రాళ్ళకి అంచులు రుద్దుతుంది. ఆమె ముందున్న సమోసా అలాగే ఉంది.

ఆమె కొడుకు శ్యాంసన్ ఆ స్టేడియం పనికే పోయాడు. కడ్డీలు కట్టే పని. పోయిన ఎండాకాలం పైనుంచి పడ్డాడు. అర్ధవీడు పక్కన మా ఊరికి అంబులెన్సులో తెచ్చి, పాటలు పాడి, ప్రార్థన చేసి పూడ్చిపెట్టుకున్నాం.

ఒక్కొక్కరే అక్క వైపు చూశారు, నవ్వు ఆగిపోయింది. షబ్బీర్ తల దించుకున్నాడు.

"తప్పయిపోయిందత్తా. సంతోషంలో పడి మర్సిపోయినా."

"నీ తప్పేముందిరా," అంది అక్క. "ఒకటడుగుతా సెప్పు. అట్లాంటి కాడ రాతి మీద పేర్లు రాస్తారు కదా. మావోడిది ఉంటదా?"

"అయ్యి... ప్రారంభం చేసేటోళ్ళ పేర్లత్తా."

"కట్టినోళ్ళవి?"

వాడు ఖాళీ టీ గ్లాసులు ఏరుకుంటూ లేచిపోయాడు.

ఆ తర్వాత అందరికీ చేతినిండా పని. ఆగిన రంపాలు తిరిగాయి. పక్క యూనిట్లో పని మానేసి ఊరెళ్ళిపోయిన వాళ్ళు కూడా మా దగ్గరికి వచ్చి చేరారు. రాళ్ళను గడ్డి వేసి చెక్కపెట్టెల్లో సర్దే రోజు, నేను ఒక పెట్టెలోకి తొంగిచూసి "తేలు! దేవుని తోడు, ఇంత తేలు!" అని అరిచాను. సర్దేవాళ్ళంతా బయటికి పరిగెత్తారు. ఒకడైతే ప్రహరీ ఎక్కాడు. ఖాళీ అయిన నీడలో నేను తీరిగ్గా కూర్చుని బీడీ ముట్టించుకున్నాను. తిట్లు తిన్నాను గానీ, ఆ తిట్లలో కూడా నవ్వే ఉంది.

అందరూ అన్నాలకి పోయినప్పుడు అక్క ఒక రాయి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పచ్చటి రాయి, మధ్యలో తుప్పు రంగు చార.

"దీనెనకాల వాడి పేరు రాయిరా."

"ఎవురికి కనపడుద్దక్కా? ఎనకాల సిమెంటు పూస్తారు."

"కనపడకపోతే ఏమి? ఆ గోడకి వాడుంటే సాలు. అంత పైన పని సేసినాడు, ఒక్క రాయన్నా వాడిది కావద్దా?"

మా యూనిట్ నుంచి పోయే రాయి ఎప్పుడూ గోడలకి అతికించేదే. అందుకని ఇద్దరికీ ఇంకో ఆలోచన రాలేదు. నాది ఐదో తరగతి చదువు. మేకు తీసుకుని ఒక్కో అక్షరం లోతుగా గీశాను. శ్యాంసన్. అక్కకి చదవటం రాదు. గీత వెంట వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా తడిమింది. ఇంకోసారి తడిమింది. తర్వాత తనే ఆ రాయిని గడ్డిలో దించి, మిగతా రాళ్ళ మధ్య నిలబెట్టింది. వాళ్ళు తిరిగొచ్చి పెట్టెలన్నిటికీ మూతలు కొట్టేశారు.

మర్నాడు పొద్దున లారీ వచ్చింది. డ్రైవరు బ్రహ్మంది పామూరు. పెట్టెలన్నీ ఎక్కించాక షబ్బీర్ ఫోన్లో బొమ్మ తెరిచి అందరికీ చూపించాడు.

"ఇదిగో, మెట్లు. ఇది లోపలికి పోయే దారి. అంతా మన రాయే. ఆటలు సూసేదానికి వచ్చే జనమంతా మన మార్కాపురం రాయి మీద నడిసే లోపలికి పోవాల."

"నడిసేదానికా?" అన్నాను. "గోడకి కాదా?"

"గోడలన్నీ అద్దాలే మామా."

అక్క చేతిలో ఉన్న నీళ్ళ చెంబు కింద పెట్టింది.

మా ఊళ్ళో పలకముక్క లేని చోటు లేదు. దొడ్లో పరుస్తాం, కాలవ గట్టుకి పేరుస్తాం, గొర్రెల దొడ్డికి గోడ కడతాం. పరిచినవాటి మీద నడుస్తాం. కానీ అక్షరం ఉన్న ముక్కకి పొరపాటున కాలు తగిలితే వంగి, తీసి, కళ్ళకద్దుకుంటాం. గుడికి పోయేవాళ్ళూ, చర్చికి పోయే మేమూ, మసీదుకి పోయే మౌలా సాహెబూ, అందరం అంతే. ఇది ఎవరూ చెప్పి నేర్పింది కాదు.

లారీ దగ్గరికి పరిగెత్తాను.

"ఆపండి! పెట్టెలు దించండి! ఒక దాంట్లో పేరుంది!"

పనివాళ్ళు పకపకా నవ్వారు.

"నిన్న తేలు, ఇయ్యాల పేరా మామా?"

"నిజంరా. శ్యాంసన్ పేరు. నేనే రాసినా. దేవుని తోడు!"

"తేలుక్కూడా ఆయన తోడే పెట్టుకున్నావు కదా!"

మౌలా సాహెబ్ విసుక్కున్నాడు. "ఇయ్యాల వద్దురా గిద్యోనూ, నీకు దండం పెడతా. బండి లేటయితే కొంప మునుగుద్ది." బ్రహ్మం ఇంజను స్టార్ట్ చేశాడు. నేను ఒకరి తర్వాత ఒకరి చేయి పట్టుకుని చెబుతున్నాను. చెప్పేకొద్దీ వాళ్ళకి నవ్వు ఎక్కువవుతోంది.

అక్క మెల్లగా నడిచి వచ్చింది. లారీకి ఎదురుగా నిలబడి రెండు చేతులూ దాని ముందు రేకు మీద పెట్టింది.

"సాయిబూ," అంది. "నా బిడ్డని తొక్కుతారు సాయిబూ."

ఇంజను ఆగిపోయింది.

మౌలా సాహెబ్ నా వైపు చూశాడు. నేను అవునన్నట్టు తలూపాను. ఆయన ఒక ఖాళీ పెట్టె మీద కూలబడ్డాడు.

"పెట్టెలు ఇప్పితే రాళ్ళు పగులుతాయమ్మా. మళ్ళీ సేసేదానికి టైము పడుద్ది. సాయంత్రానికి బండి కదలకపోతే ఆర్డరు ఇంకొకరికి ఇస్తామని ముందే సెప్పినారు. ఇంతమంది కూలి దీని మీదే ఉంది."

"ఎనకపక్కే కదా అబ్బాజాన్," అన్నాడు షబ్బీర్ నెమ్మదిగా. "సిమెంటు కింద ఎవురికి తెలుస్తది?"

"మనకి తెలిసిపోయింది కదా బేటా."

అక్క చేతులు లారీ మీదే ఉన్నాయి. "రాయించింది నేనే. తప్పు నాదే. ఇంతమంది కూటి కాడ అడ్డం నిలబడినా. పోనీలే, పొమ్మందామనుకుంటుండా సాయిబూ. ఆ మాట మాత్రం నోట్లోంచి రావట్లా."

నిన్న ప్రహరీ ఎక్కి నన్ను నానా తిట్లూ తిట్టినవాడు అందరికంటే ముందు లారీ ఎక్కాడు.

"దించండి," అన్నాడు మౌలా సాహెబ్.

మూతలు ఊడదీశాం. ఒక్కో రాయి పైకి తీయటం, తిప్పి వెనక చూడటం, గోడకి ఆనించటం. ఏ పెట్టెలో పెట్టిందో అక్కకి గుర్తు లేదు, మూతలు పడ్డాక అన్నీ ఒకటే మాదిరి. కొన్ని అంచులు విరిగాయి. చప్పుడైనప్పుడల్లా మౌలా సాహెబ్ కళ్ళు మూసుకున్నాడు. ఎండ నడినెత్తికొచ్చినా ఎవరూ అన్నానికి లేవలేదు.

చివరికి షబ్బీర్‌కే దొరికింది. వాడు కేక వేయలేదు. రెండు చేతులతో పట్టుకుని అక్క దగ్గరికి తెచ్చాడు. ఆమె చీర చెంగుతో గడ్డి దులిపి, అక్షరాల మీద వేలు పెట్టి చూసుకుని, రాయిని ఒళ్ళో పెట్టుకుంది.

విరిగిన వాటికి బదులు కొత్త రాళ్ళు కావాలి. ఉలి అందుకున్నాను. నేను చీలుస్తుంటే అక్క ఒళ్ళో రాయిని పక్కన గోనెసంచి మీద పడుకోబెట్టి, అంచులు రుద్దటానికి కూర్చుంది. ఒక్కో రాయినీ రుద్ది, ముందూ వెనకా తిప్పి చూసి, తనే పెట్టెలో పెట్టింది.

"అత్తా," అన్నాడు షబ్బీర్, "ఈ ఆటలు రాకుండా ఉంటే బాగుండేదనుకుంటుండావా?"

ఆమె చేతులు ఆగలేదు. "వద్దనేదానికి నేనెవుర్ని? మీ అమ్మ పొయ్యి ఎలగాల, నా పొయ్యీ ఎలగాల. వచ్చేటోళ్ళు రానీ, ఆడుకోనీ. నా కొడుకు మాత్రం ఆ మెట్ల కాడ వద్దు."

పొద్దు వాలేలోపు పెట్టెలు మళ్ళీ లారీ ఎక్కాయి. మౌలా సాహెబ్ ఫోన్లో ఎవరినో బతిమాలుతూ ప్రహరీ వెంట అటూ ఇటూ తిరుగుతున్నాడు. బ్రహ్మం పెట్టెల మీదకెక్కి పట్టా పరిచి తాడు బిగిస్తున్నాడు. చెప్పులు కింద టైరు పక్కన విడిచాడు.

"ఆ రాయి తీసేసినాం లే తమ్ముడా," అన్నాను. "చెప్పులేసుకో. మేకులు గుచ్చుకుంటాయి."

"తెలుసులేన్నా," అన్నాడు బ్రహ్మం. ఉత్త కాళ్ళతోనే అవతలి అంచుకి నడిచి, తాడు కిందికి విసిరాడు.