కాగితంలో పెండ్లాం

"ఎల్లయ్యా!" హాజరు గుమస్తా తలెత్తకుండానే అరిచాడు.

"ఉన్న సార్," అన్నాడు గట్టయ్య.

పదమూడేళ్లుగా పొద్దున లేస్తే ఇదే అబద్ధం. మొదట్లో గొంతు తడబడేది. ఇప్పుడు దగ్గు ఒక్కటే అడ్డం వస్తోంది. ఎల్లయ్య అతని చిన్నాయన కొడుకు. కొత్త గని తెరిచినప్పుడు నౌకరీ చీటీ వచ్చింది ఆ ఎల్లయ్యకే. ఒక్కరోజు కిందికి దిగి, ఆ చీకటికి హడలిపోయి, మర్నాడు ఊరికి నడిచి వెళ్లిపోయాడు. చీటీ ఎందుకు పాడు చేసుకోవాలని గట్టయ్య వచ్చి ఆ పేరు మీద నిలబడ్డాడు. ఇలాంటివాళ్లు షిఫ్టుకు పదిమంది తేలతారు. తమ్ముడి పేరున అన్న, బావ పేరున బామ్మర్ది. అందులో వింతేమీ లేదు. వచ్చిన చిక్కల్లా మొదటిరోజు భార్య పేరేమిటని గుమస్తా అడిగినప్పుడు ఎల్లయ్య 'లస్మవ్వ' అని రాయించిపోవడంతోనే వచ్చింది. ఆ తర్వాత గట్టయ్యకు పెళ్లయింది, సారవ్వ కాపురానికి వచ్చింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. రిజిస్టరులో మాత్రం అతని భార్య తమ్ముడి పెళ్లామే.

ఆ రోజు గనిలో అతను మధ్యాహ్నానికి ఒక్క బొగ్గు టబ్బు కూడా నింపలేకపోయాడు. పొట్టి మనిషి, వంగిన మెడ, కనురెప్పల్లో ఎన్ని స్నానాలు చేసినా పోని బొగ్గు. పార ఎత్తిన ప్రతిసారీ ఊపిరి ఈలవేస్తోంది. ఉమ్మితే నల్లగా పడుతోంది. చావు గురించి అతనికి పెద్ద ఫికర్ లేదు. తను పోయిన మర్నాడు కంపెనీ క్వార్టరు ముందర నిలబడి ఎవడో సారవ్వను 'నువ్వెవరివమ్మా?' అని అడుగుతాడు, అదే అతన్ని తినేస్తోంది.

మూడింటికి పైకి వచ్చి, ఒళ్లు కడుక్కోకుండానే, భుజాన సంచితో, రిజిస్టరులో సారవ్వ పేరు ఎక్కించే దారి అడగడానికి వకీలు ఇంటికి నడిచాడు. అరుగు మీద సారవ్వ ఉంది. ఊరి నుంచి బస్సులో వచ్చిన ఎల్లయ్య, లస్మవ్వ ఉన్నారు. బావను చూడగానే లస్మవ్వ కొంగు నెత్తిమీదికి లాక్కుని గోడవైపు జరిగింది. తమ్ముడి భార్య అన్న ఎదుట తలెత్తి మాట్లాడదు. వాళ్ల ఇంట్లో అది ఎవరూ నేర్పనక్కర్లేని మర్యాద.

వకీలు పాన్ నములుతూ పాత స్టాంపు కాగితం ఒకటి విసిరాడు. 'లస్మవ్వ అలియాస్ సారవ్వ, ఇరువురూ ఒక్కరే' అని నిరుడు ఆయనే రాసి, ఆయనే ముద్రలు కొట్టించి ఇచ్చిన కాగితం.

"ఇది ఇగ చెల్లదు. ఎవరికి వాళ్లు రాసుకున్న ప్రమాణాలు పనికిరావని పైకోర్టు తీర్పు ఇచ్చింది. మున్సిఫ్ కోర్టు డిక్రీ తేవాలె."

"ఉన్న నిజం చెప్తే?" అన్నాడు గట్టయ్య.

"చెప్పు. రేపటి నుంచి డ్యూటీ ఉండదు. మారుపేరు మీద చేసినవని కేసు గూడ పెడ్తరు."

అంటే అబద్ధం ఆడితే చట్టం ఒప్పుకోదు, నిజం చెబితే బతకనివ్వదు. ఏం చట్టమో, ఏం తీర్పులో! పై గదుల్లో ఫ్యాన్ల కింద కూర్చున్నవాళ్లు ఒక ముక్క రాస్తారు, అది దిగివచ్చి ఇక్కడ బొగ్గు తట్టలు మోసేవాడి మెడ మీద పడుతుంది.

"ఒక్కటే తొవ్వ ఉన్నది," వకీలు లస్మవ్వను చూపించాడు. "కులపెద్దల ముందట తెగతెంపులైనయంటే కోర్టు ఒప్పుకుంటది. అప్పుడు సారవ్వను రెండో పెండ్లామని రాయిచ్చుకోవచ్చు. ఈమె బోనెక్కి, ఇతను నా మొగుడే, ఇడిసిపెట్టిన అని చెప్పాలె. ఏమమ్మా, జడ్జి అడుగుతడు. ఇతనితోని ఎన్నేండ్లు కాపురం చేసినవ్?"

లస్మవ్వ కొంగు ఇంకా కిందికి లాక్కుంది. ఎల్లయ్య నేలచూపులు చూశాడు.

"గట్టిగ చెప్పాలె. ఒక్క మంచం మీదనే పండుకున్నరా? కంపెనీ వకీలు గూడ గిట్లనే అడుగుతడు."

"మూడేండ్లు," అంది లస్మవ్వ కొంగులోంచి.

గట్టయ్య అరుగు దిగి కాండ్రించి ఉమ్మాడు.

"థూ! తమ్ముని పెండ్లాం నాకు బిడ్డ లెక్క. ఆమె నోట గా మాట పలికిస్తవా? నీ కోర్టు పాడుగాను! నాకద్దు."

"చెప్పనియ్యయ్యా," సారవ్వ అతని చెయ్యి పట్టుకుంది. "సిగ్గు పోతే పోనియ్యి. పిల్లల మొఖం జూడు. రేపు మేమెక్కడ ఉండాలె?"

"చెప్త బావా," అంది లస్మవ్వ ఏడుస్తూ. "అక్క కోసమని చెప్త."

"వద్దు బిడ్డా," అన్నాడు గట్టయ్య. జన్మలో మొదటిసారి ఆమె ముఖం వైపు చూసి అన్నాడు.

వీధి చివరిదాకా కూడా నడవలేకపోయాడు. దగ్గు తెర పట్టుకుంది. నల్లటి ఉమ్మిలో ఎర్రగా కనపడింది. రిక్షాలో ఎక్కించి ముగ్గురూ కంపెనీ దవాఖానకు తీసుకుపోయారు. నర్సు అడిగితే సారవ్వ ఏడుపులో తన అసలు పేరే చెప్పింది. కంపెనీ కాగితంలో ఆ పేరు లేకపోవడంతో నర్సు 'వెంట వచ్చిన ఆడమనిషి' అని రాసుకుంది. పొద్దుగూకుతుండగా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, గట్టయ్య పోయాడు.

గుమస్తా రిజిస్టరు తెచ్చాడు. "ఎల్లయ్య భార్య లస్మవ్వ ఎవరు? శవాన్ని ఆమెకే ఇస్తం. వేలిముద్ర కావాలె."

సారవ్వ శవం కాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. కాళ్లు వదలకుండానే అంది: "పెట్టు చెల్లే. ఆయనను ఇంటికి తీస్కపోవాలె గదా."

లస్మవ్వ వేలికి సిరా పూశారు. బతికున్న మొగుడు పక్కన నిలబడి చూస్తుండగా, ఎల్లయ్య చనిపోయాడని ఆమె ముద్ర వేసింది. ఎల్లయ్య గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నాడు.

గుమస్తా సంచి బోర్లించి, తువ్వాల, టోపీ, చెప్పులు అన్నీ లస్మవ్వ పేరున రాసి అప్పగించాడు. సద్దిగిన్నె దగ్గర ఆగాడు. పెళ్లిలో సారవ్వ పుట్టింటివాళ్లు పెట్టిన గిన్నె అది. మూత తిప్పి చదివాడు.

"ఈ పేరుగల్ల మనిషి మా దగ్గర లేడు," అని పక్కకు నెట్టాడు.

అందరూ శవంతో వెళ్లిపోయాక, మూత మీద చుక్కలు చుక్కలుగా 'గట్టయ్య' అని కొట్టించిన ఆ గిన్నె బల్ల చివర ఉండిపోయింది, అడుగున ఎండిన నాలుగు మెతుకులతో.