పన్నీరు చల్లే డిగ్రీ

"అమ్మాయిలంతా పట్టుచీరల్లో రావాలమ్మా. అబ్బాయిలు టై కట్టుకొస్తే చాలు."

మా చలపతిరావు సారు క్లాసులో సెమినార్ గురించి చెబుతూ ఈ మాట అన్నప్పుడు అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా, అలవాటు. ఆ మాట పుణ్యమా అని ఇవాళ పొద్దున్నే వంటింట్లో కింద దుప్పటి మడిచి పరుచుకుని, పెళ్లినాటి ఆకుపచ్చ పట్టుచీర ఇస్త్రీ చేస్తున్నాను. ఒక పొయ్యి మీద పప్పు, రెండో దాని మీద మా ఆయన డబ్బాలోకి బీరకాయ కూర. లేచి కూర కలపడం, మళ్లీ వచ్చి కుచ్చిళ్ల దగ్గర ముడతలు తీయడం. ఆ కాస్త సందులోనే, ఇవాళ సెమినార్‌లో ఇంకొకరు చదవబోయే నా పేపరు మనసులో తిరుగుతోంది. తిరిగినప్పుడల్లా నోట్లో చేదు.

నేను చదివేది డిగ్రీ ఆఖరి సంవత్సరం, అంతర్జాతీయ వ్యాపారం. కూకట్‌పల్లిలో కొత్తగా పెట్టిన కాలేజీ. పెళ్లయ్యాక చదివిస్తామని మా అత్తగారు నాగమణమ్మ పెళ్లిచూపుల్లోనే మాటిచ్చింది. మాట తప్పలేదు. చుట్టాలెవరొచ్చినా "మా కోడల్ని సదివిస్తాండాం" అని చెప్తుంది. ఆ చెప్పడం కూడా నన్ను పిలిచి కాఫీ పెట్టమని పురమాయించాకే. నేను గ్లాసులు అందిస్తుంటే "ఏమ్మే, దేశదేశాల యాపారం సదువుతాండావే, ఇంట్లో చింతపండు అయిపోయిందని తెలీల్యా నీకు?" అంటుంది. చుట్టాలు విరగబడి నవ్వుతారు. మా ఆయన మధుసూదన్ కూడా నవ్వుతాడు. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన ఆ గుండ్రటి భవనంలో అతనిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంట్లో తిన్న కంచం తియ్యడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

మా పుస్తకంలో ఒక సూత్రం ఉంది. అమ్మినవాడు సరుకును రేవు దాకా తెచ్చి ఓడ ఎక్కిస్తాడు. సరుకు ఓడ అంచు దాటిందంటే, ఆ తర్వాత దారిలో దెబ్బతింటే నష్టం కొన్నవాడిది. మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే రోత పుట్టింది. పెళ్లిపీటల మీద నేనూ ఏదో అంచు దాటే ఉంటాను. ఆ తర్వాత తగిలిన దెబ్బలు అమ్మినవాళ్లవీ కావు, కొన్నవాళ్లవీ కావు. సరుకే ఓర్చుకోవాలి. చిత్తూరుకు ఫోన్ చేస్తే అమ్మ "సర్దుకో తల్లీ" అంటుంది. ఇక్కడ అత్తగారూ సర్దుకోమంటుంది. ఇంత సర్దుబాటు ఏ వ్యాపారంలోనూ లేదు.

ఆ పేపరు నేను రాసింది. మా చిత్తూరు మామిడి గుజ్జు డబ్బాల్లో పైదేశాలకు ఎలా పోతుందో, ఎక్కడ పాడవుతుందో, పాడైతే ఎవరు బాధ్యులో. వేసవిలో పుట్టింటికి వెళ్లినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లి, కాయలు కోసే ఆడవాళ్ల పక్కన కూర్చుని, బాయిలర్ దగ్గరి మేస్త్రీని అడిగి తెలుసుకున్నాను. ఇంటికొచ్చాక ఒంటికి పట్టిన మామిడి జీడి పొక్కులు చూసి అమ్మ ఏడ్చింది కూడా. సింగపూర్ పండ్ల కంపెనీ ఒకటి హైటెక్ సిటీలో ఆఫీసు తెరిచింది. సెమినార్‌కు వాళ్లొచ్చి విని, బాగా చెప్పినవాళ్లను ఇంటర్వ్యూకు పిలుస్తారని తెలిసినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. నాకు ఆ ఉద్యోగం కావాలి. ఎందుకో కూడా దాచను. పొద్దున తొమ్మిదింటికి బయటికి వెళ్లడానికి నాకంటూ ఒక కారణం కావాలి.

మొన్న చలపతిరావు సారు నన్ను స్టాఫ్ రూముకు పిలిచారు. "మీ పేపరు ఆకాష్ చదువుతాడమ్మా. మీరు గుమ్మం దగ్గర ఉండాలండి. బొట్టు పెట్టి, పన్నీరు చల్లి లోపలికి పిలవడానికి పెళ్లయిన అమ్మాయైతే నిండుగా ఉంటుంది. మీ ముఖంలో లక్ష్మీకళ ఉంది" అన్నారు. నేను రాసిన కాగితాలు అప్పటికే ఆయన బల్ల మీద ఆకాష్ పేరుతో మళ్లీ టైపయి ఉన్నాయి. ఎందుకు సార్ అన్నాను. "అబ్బాయికి గొంతు బాగుంది" అన్నారు. బయటికొచ్చాక మా క్లాసు కుర్రాడు ఆకాష్ ఎదురుపడి తల గోక్కున్నాడు. "భార్గవక్కా, నేనేం అడగలే. సారే ఇచ్చిండు. జర సమజ్ చేస్కో" అన్నాడు. సమజ్ చేసుకోవడానికే కదా నేను పుట్టింది.

ఆ రాత్రి మా ఆయనకు చెప్పాను. కోపం వస్తుందని, కాలేజీకి వచ్చి నాలుగు మాటలు అడుగుతాడని పిచ్చి ఆశ. అన్నం కలుపుకుంటూ "పోన్లే, పట్టుచీరలో బాగుంటావు" అన్నాడు. ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. అది నేను అప్పుడు గమనించి ఉండాల్సింది.

సెమినార్ ఆ సింగపూర్ కంపెనీ, మా ఆయన ఆఫీసూ ఉన్న గుండ్రటి భవనంలోనే, కింది అంతస్తు హాల్లో. నేనూ, నా క్లాస్‌మేట్ ప్రశాంతీ గుమ్మానికి చెరోపక్క నిలబడ్డాం. దాని చేతిలో కుంకుమ పళ్లెం, నా చేతిలో వెండి పన్నీటి బుడ్డి.

"ఏందే గిది? మూడేండ్లు సదివి గిట్ల బొమ్మల్లెక్క నిలవడ్తానికా వచ్చినం?" అంది ప్రశాంతి పళ్లబిగువున.

"నవ్వండమ్మా, నవ్వండి" అంటూ సారు మా ముందు నుంచి పోయారు.

నవ్వాం. వచ్చినవాళ్లందరి మీదా పన్నీరు చల్లాను. ఒక పెద్దమనిషి నుదురు ముందుకు పెట్టాల్సింది పోయి, మెడ సాచి నన్ను కిందనుంచి పైదాకా చూసి "వెరీ ట్రెడిషనల్" అన్నాడు. సింగపూర్ కంపెనీ మేనేజరు, నలభై దాటిన సన్నటావిడ, కళ్లద్దాల మీద పన్నీరు పడితే తీసి తుడుచుకుంది. ఆమె ముందు ఆ బుడ్డితో నిలబడినందుకు నాకు సిగ్గేసింది. లోపలికి వెళ్లాక నా పేపరు వినబోయే మనిషికి గుమ్మంలో నేను పెళ్లివారి పిల్లలా కనబడ్డాను.

ఆకాష్ బాగానే చదివాడు. నా వాక్యాలు నాకే వినిపిస్తున్నాయి. అప్పటికి మమ్మల్ని టీలు అందించే పనిలో పెట్టారు. కప్పుల ట్రేతో హాలు వెనక నిలబడి విన్నాను. ఆఖరి వరసలో మా ఆయన కూర్చుని ఉన్నాడు, భోజనం వేళకు పైనుంచి దిగొచ్చినట్టున్నాడు. నన్ను చూసి తల ఊపాడు, పనిమనిషి సరిగ్గా తుడుస్తోందో లేదో చూసి ఊపినట్టు.

చదవడం అయ్యాక ఆ మేనేజరు అడిగింది. ఓడ ఎక్కేటప్పుడు బాగున్న డబ్బాలు మా సింగపూర్ రేవులో దించేసరికి ఉబ్బి ఉన్నాయనుకో. ఓడ అంచు దాటాయి కాబట్టి నష్టం మేమే భరించాలా?

ఆకాష్ కాగితాలు తిరగేశాడు. సూత్రం ఉంది గానీ, ఉబ్బిన డబ్బాలకు జవాబు అందులో లేదు. ముందు వరసలోంచి సారు లేచి, నవ్వుతూ, వంగి వంగి నడుస్తూ నా దగ్గరికొచ్చారు. జేబులోంచి చిన్న కాగితం, పెన్ను తీశారు.

"రెండు ముక్కల్లో రాసెయ్యండమ్మా. సాసరు కింద పెట్టి ఆకాష్‌కి టీ ఇచ్చినట్టు ఇచ్చెయ్యండి. ఎవరికీ తెలీదు."

కాగితం అందుకోలేదు. "ఈ జవాబు నాకు తెలుసని మీకు తెలుసు కదా సార్. మరి నన్నెందుకు తీసేశారు?" అన్నాను.

ఆయన ముఖం చిట్లించారు. "నన్నంటే ఏం లాభమమ్మా? మీ వారే ఫోన్ చేశారు. ఉద్యోగానికి పంపే ఉద్దేశం లేదు, పైకి పిలవొద్దు, నా మాటగా చెప్పకండి అన్నారు. ఇంటాయన అన్నాక నేనేం చెయ్యగలనండి? రాయండి, రాయండి."

ఇద్దరు మగవాళ్లు ఫోన్లో నన్ను అటూ ఇటూ జరిపి పెట్టుకున్నారు. ఒకడు నా ఎదురుగా అన్నం కలుపుకుంటూ, చీర బాగుంటుందన్నాడు. ఇంకొకరు నా ముఖంలో లక్ష్మీకళ చూశారు. నాకు ఏడుపు రాలేదు. ఇద్దరి మీదా రోత, అంతే. బురదలో కాలు పడితే కడుక్కోవాలనిపించేంత రోత.

ట్రే సారు చేతుల్లో పెట్టాను. కప్పులు ఒలుకుతాయని ఆయన పట్టుకోక తప్పలేదు. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నడిచి ముందుకు వెళ్లాను. ఆకాష్ తనంతట తానే పక్కకు జరిగాడు.

"ఈ పేపరు నేను రాశాను. నా పేరు భార్గవి" అన్నాను ఇంగ్లీషులో. "దారిలో తగిలిన దెబ్బైతే మీదే నష్టం. కానీ డబ్బా ఉబ్బిందంటే గుజ్జు సరిగ్గా ఉడకలేదన్నమాట. ఆ తప్పు ఫ్యాక్టరీలోనే జరిగింది, పైకి కనబడింది మాత్రం తర్వాత. అది అమ్మినవాడిదే. ఓడ ఎక్కించే ముందే నమూనా డబ్బాలు కొన్నాళ్లు వెచ్చని గదిలో పెట్టి, ఉబ్బుతాయేమో చూడమని ఒప్పందంలో రాయించుకోవాలి."

ఆమె ఇంకా అడిగింది. నేను ఇంకా చెప్పాను. వెనకాల చలపతిరావు సారు ట్రే ఎక్కడ పెట్టాలో తెలీక అలాగే నిలబడ్డారు. ఎవరో ఆయన దగ్గర టీ తీసుకున్నారు కూడా.

అయిపోయాక ఆమె తన కార్డు ఇచ్చి "రేపు పొద్దున పదింటికి పై ఆఫీసుకు ఇంటర్వ్యూకు రాగలవా?" అంది.

"వస్తాను" అన్నాను.

మెట్ల దగ్గర మా ఆయన అడ్డం వచ్చాడు. చెవులు ఎర్రబడి ఉన్నాయి. చుట్టూ తన ఆఫీసువాళ్లు తిరుగుతున్నారని గొంతు తగ్గించాడు.

"అంతమంది ముందు ఏంటిది? అయినా రేపు పదింటికి ఎలా వస్తావ్? రేపు పిన్నీవాళ్లు భోజనానికొస్తున్నారు. వంట సంగతేంటి? అమ్మకి ఏమని చెప్పాలి?"

"ఫోన్ చేసి మీరే చెప్పండి" అన్నాను. "నా సంగతులు నాకు తెలీకుండా ఫోన్లో మాట్లాడేశారు. ఈ ఒక్కటీ నేను వింటుండగా మాట్లాడండి."