కత్తెరమ్మ ఫోల్డర్లు

కత్తెరమ్మ అసలు పేరు ఆమె మొగుడికైనా గుర్తుందో లేదో అనుమానమే. నాటకాలకు దుస్తులు కుట్టే మనిషి. మెడలో ఎప్పుడూ కత్తెర వేలాడుతూ ఉంటుంది, నోరు దానికంటే పదును. రెండు మిషన్లూ ఒక కోతబల్లా పట్టే చిన్న కొట్టు ఆమెది. అది ఆమెదిగానే నిలుస్తుందా, తమ్ముడి షోరూములో కలిసిపోతుందా అన్నదే ఆ వారమంతా రగడ.

తమ్ముడిది వేషాల దుస్తులు అద్దెకిచ్చే పెద్ద షోరూము. "ఆ ఇరుకు కొట్టు మూసెయ్ అక్కా. నా దగ్గర కూర్చుని కుట్టుకో, జీతమిస్తా" అని చెవిలో జోరీగలా పోరుతున్నాడు. ఆమె వింటే కదా!

కత్తెరమ్మకు నాటకానికో ఫోల్డరు, దాని లోపల వేషానికో ఫోల్డరు. అందులో నటుల కొలతలు, గుడ్డల ఫొటోలు, వాటి పక్కనే వెబ్ పేజీల షార్ట్‌కట్లు. సేనాపతి కోటు ఫోల్డరు తెరిస్తే ఆ కాలపు బొత్తాల పేజీ ఒకటి, భుజం కుచ్చులు అల్లే పద్ధతి ఒకటి. నొక్కితే చాలు. బ్రౌజరులోనే బుక్‌మార్కులు పెట్టుకోవచ్చుగా అని ఎవరైనా సలహా ఇస్తే, "కోటు ఒక గదిలో, బొత్తాలు ఇంకో గదిలో పెట్టుకుని కుడతారా?" అని కసిరేది. నిజమే కదా మరి.

అవన్నీ పాత మ్యాక్‌లో ఉన్నాయి. దాని తెర మినుకుమినుకుమంటూ ఇవాళో రేపో అన్నట్టుంది. అందుకని అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుంది. కొత్త నాటకం డైరెక్టరు, అక్కాతమ్ముళ్ళిద్దరి నమూనాలూ ఒకేచోట చూస్తానని షోరూముకు వస్తే, తనూ వెళ్ళింది. తమ్ముడి విండోస్ కంప్యూటరులో పెట్టి బొత్తాల షార్ట్‌కట్ నొక్కింది. దీన్ని దేనితో తెరవమంటారు అని అడిగింది కంప్యూటరు. ఇంకోటి నొక్కింది. అదే ప్రశ్న. గోదాములో లినక్స్‌తో నడిచే ల్యాప్‌టాప్‌లో పెడితే అది తెర నిండా ఏవో అక్షరాలు పరిచింది.

తమ్ముడు పళ్ళికిలించాడు. "చూశారా సార్? మా అక్క సామాను మా అక్క కొట్లో తప్ప ఎక్కడా పనిచెయ్యదు. ఆ చెత్తంతా తుడిచేసి నా దగ్గరికొచ్చేస్తే గొడవే లేదు."

కత్తెరమ్మకు తల కొట్టేసినట్టయింది. పరాయివాడి ముందు, తోడబుట్టినవాడు! ఒళ్ళు మండిపోయింది.

"నాకు వివరాలు కళ్ళకు కనిపించాలమ్మా. దుస్తుల పని ఎవరికివ్వాలో సోమవారం ఇక్కడే తేల్చేస్తా" అన్నాడు డైరెక్టరు, తన ల్యాప్‌టాప్ సంచి భుజాన వేసుకుంటూ.

ఇంటికొచ్చి మొగుడి ముందు కూలబడింది. ఆయన నాటకాల పోస్టర్లు, వెబ్ పేజీలు తయారుచేసే మనిషి. "ఆ అక్షరాల మధ్యలో పేజీ అడ్రసు కనపడిందండీ, నా కళ్ళతో చూశా" అంది.

"అదేనే అసలు సరుకు. మ్యాక్ దాన్ని తన పద్ధతిలో చుట్టిపెట్టింది, మిగతావాటికి విప్పడం రాదు. అదే అడ్రసు చిన్న వెబ్ పేజీ ఫైలులో రాసిపెడితే, బ్రౌజరున్న ఏ మిషనైనా తెరుస్తుంది. కానీ ఒక్కోటీ చేత్తో మార్చాలంటే విసుగే. అన్నీ ఒకేసారి మార్చే ఉపాయం చూడనా?"

"పూసలు ఒక్కోటీ చేత్తో కుట్టేదాన్ని, నాకు చెబుతున్నారా విసుగు సంగతి! ఉపాయం మీది, తేడా వస్తే మాటపడేది నేను. ఎలా రాయాలో చూపించి లేవండి."

చూపించాడు, లేచాడు. ఆమె కూర్చుంది. ప్రతి షార్ట్‌కట్నీ విప్పి, అడ్రసు తీసి, కొత్త ఫైలులో రాసి, తెరుచుకుందో లేదో చూసి, దాని ఫోల్డరులోనే పెట్టింది. మూతబడిన పేజీలను నోటికొచ్చినట్టు తిట్టి తీసేసింది. మెడ పట్టేసింది. అయితే ఏం?

సోమవారం విండోస్‌లో నొక్కింది. బొత్తాలు తెర నిండా మెరిశాయి. లినక్స్‌లో నొక్కింది. మెరిశాయి. "మీదీ ఇలా ఇవ్వండి సార్" అని డైరెక్టరు ల్యాప్‌టాప్ లాక్కున్నంత పనిచేసింది. అందులోనూ అంతే. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని సేనాపతి నుంచి దివిటీ పట్టేవాడి దాకా ప్రతి ఫోల్డరూ తెరిపించుకున్నాడు.

తమ్ముడి గొంతులో తేనె ఊరింది. "అద్భుతం అక్కా! ఆ ఫోల్డర్లన్నీ ఇక్కడో కాపీ వేసి వెళ్ళు. ఇప్పుడు ఎక్కడైనా తెరుచుకుంటాయిగా, మన షోరూముకి పనికొస్తాయి."

నాకైతే అక్కడే వాడి చెంప ఛెళ్ళుమనిపించాలనిపించేది. కత్తెరమ్మ ఆ పని చెయ్యలేదు. పెన్‌డ్రైవ్ ఊడబెరికి గుప్పిట్లో పెట్టుకుంది.

"ఎక్కడైనా తెరుచుకోవాలనే చేశాన్రా తమ్ముడూ. కానీ నేనున్నచోటే తెరుచుకుంటాయి. మొన్న చెత్తన్నావుగా, చెత్త నీకెందుకు?"

తమ్ముడి మొహం మాడిపోయింది. ఆమె అటు చూడనైనా లేదు. డైరెక్టరు వైపు తిరిగింది.

"కొలతలకి మీవాళ్ళని రేపు పొద్దున్నే పంపండి సార్. ఇక్కడికి కాదు, మా కొట్టుకి."